మాట రానివ్వండి, తప్పులు తరువాత

శనివారము సాయంత్రము అయిదు గంటలకు చిలకలగూడలో మా మందిరము ప్రక్కనున్న చిన్న హాలులో పిల్లలు చేరతారు. గాలి అటునుండి వీస్తే సికిందరాబాదు స్టేషనులోని మైకు మాటలు మాకు వినబడతాయి. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. హాలులోనికి కొత్తగా వచ్చిన పిల్లవాడెవడైనా మొదట మాకు వినిపించే ఇంగ్లీషు ఆ మైకు మాటే. ముక్కు పట్టుకొని, గొంతు మార్చి, "మే ఐ హావ్ యువర్ అటెన్షన్ ప్లీజ్!" అంటాడు. అందరూ నవ్వుతారు. వానినే దగ్గరకు పిలిచి, "నీ పేరేమిటో ఇంగ్లీషులో చెప్పు బాబూ" అంటే తల వంచుకుంటాడు.

మా పాఠకులలో చాలామంది గ్రామాలలో కాపురముంటున్నవారు. "మా పిల్లలు ఇంగ్లీషు మీడియములో చదువుతున్నారండి. పుస్తకము గడగడ చదువుతారు. ఎవరైనా వచ్చి రెండు ముక్కలు మాట్లాడమంటే మాత్రము తలుపు వెనుక దాక్కుంటారు" అని తల్లిదండ్రులు మాతో చాలాసార్లు అన్నారు. తెలంగాణలో 2022-23 విద్యా సంవత్సరము నుండి ప్రభుత్వ పాఠశాలలలో కూడ ఇంగ్లీషు మీడియము మొదలయింది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకములు పిల్లల చేతికి వచ్చాయి. చదువు వచ్చింది, మాట రాలేదు. ఈత గురించి పుస్తకములో చదివినవాడు చెరువులో దిగి ఈదలేడు కదా! మాట్లాడడము కూడ అటువంటిదే. దిగితేనే వస్తుంది.

ఈ తరగతి నడిపేది మేము నలుగురము. ఇద్దరము ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయినులము, ఒకరు రైల్వే ఆఫీసులో గుమాస్తా, ఒకరు డిగ్రీ చదువుతున్న యువతి. మాలో ఎవరమూ ఇంగ్లీషు పండితులము కాము. మేము నేర్పిన దానికంటే పిల్లలవలన మేము నేర్చుకున్నదే ఎక్కువ. దానిని మీతో పంచుకొనాలని ఈ వ్యాసము వ్రాస్తున్నాము. మొదట మా తప్పు చెప్పుకొని తరువాత మిగిలిన సంగతులు చెబుతాము.

మేము చేసిన తప్పు

మెదకు దగ్గర ఒక పల్లెనుండి పది సంవత్సరముల అమ్మాయి ఒకతె చిలకలగూడలోని తన పిన్ని ఇంటిలో ఉండి చదువుకొనడానికి వచ్చింది. ఆమె పేరు ఇక్కడ వ్రాయము. చిన్నమ్మాయి అందాము. మొదటి శనివారము మా తరగతికి వచ్చినప్పుడు, "నిన్ను ఇక్కడికి ఎవరు తీసుకొని వచ్చారు? ఇంగ్లీషులో చెప్పు చూద్దాము" అని అడిగాము. ఆ పిల్ల ధైర్యముగానే లేచి నిలబడింది.

"ఎస్టర్డే మై మదర్ ఈజ్ కమింగ్" అన్నది.

"కమింగ్ కాదమ్మా, కేమ్. 'ఈజ్' తీసివెయ్యి. మళ్ళీ చెప్పు" అన్నాము.

"మై మదర్ ఈజ్ కేమ్."

వెనుక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. "మళ్ళీ" అన్నాము. మూడవసారి ఆ పిల్ల ఏమీ అనలేదు. కూర్చున్నది. ఆ తరువాత ఆరు శనివారములు వచ్చింది, గుమ్మము దగ్గర కూర్చున్నది, ఇచ్చిన బిస్కట్టు తీసుకున్నది, వెళ్ళిపోయింది. నోరు విప్పలేదు. పల్లెటూరి పిల్ల, సిగ్గు ఎక్కువ అనుకున్నాము. మాలో ఒకరు, బుద్ధి కాస్త మందమేమో అని కూడ అన్నారు. ఆ మాట తలచుకుంటే మాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఒకరోజు తరగతి అయిన తరువాత మేము నలుగురము కూర్చొని ఆ మొదటి శనివారము సంగతి మాట్లాడుకున్నాము. ఆ పిల్ల మాకేమి చెప్పింది? తన తల్లి వచ్చిందని చెప్పింది. తల్లి ముందురోజు పల్లెనుండి బస్సులో వచ్చి, పిల్లను చెల్లెలి ఇంటిలో దించి, తిరుగు బస్సుకు వెళ్ళిపోయింది. పది సంవత్సరముల పిల్లకు అది ఎంత పెద్ద సంగతి! "అమ్మ వెళ్ళిపోయిందా? ఏడ్చావా?" అని అడిగినవారు మాలో ఒక్కరూ లేరు. ఆమె చెప్పిన నాలుగు మాటలలో మేము విన్నది 'ఈజ్' ఒక్కటే.

పసివాడు తాతను 'తత' అంటే ఎత్తుకొని ముద్దు పెట్టుకుంటాము. మూడుసార్లు దిద్దము. వాడు ఆ మాట అనకముందు సంవత్సరము పాటు మన మాటలు వింటూ ఉన్నాడు. ఆ సంవత్సరములో వానిని మూగవాడని ఎవరూ అనలేదు. క్రొత్త భాష నేర్చుకొనే పిల్లలు కూడ ఇలాగే కొంతకాలము మాట్లాడక వింటూ ఉంటారని, ఆ మౌనములో కూడ నేర్చుకొనడము జరుగుతూనే ఉంటుందని అమెరికా భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ 1980వ దశకములో వ్రాశాడు. అయితే మా చిన్నమ్మాయి మౌనములో వినడముతో పాటు భయము కూడ ఉన్నది. వినే మౌనమును ఆగనివ్వాలి. భయపడే మౌనమును పోగొట్టాలి. ఆ భయమును పెట్టినది మేమే కనుక పోగొట్టవలసినది కూడ మేమే.

అంగడి ఆట

ఎనిమిదవ శనివారము మేము పుస్తకములు మూసివేసి అంగడి పెట్టాము. చాపమీద నిజమైన ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు, టమాటలు, పచ్చిమిరపకాయలు, ఎవరో ఇంటినుండి తెచ్చిన పాత తక్కెడ. అమ్మేవారు ఇద్దరు, కొనేవారు మిగిలిన వారందరు. ఒకటే నియమము: ఎవరు ఎవరినీ దిద్దకూడదు, మేము కూడ దిద్దము.

మాకు తెలియని సంగతి ఒకటి ఉన్నది. చిన్నమ్మాయి తండ్రి వారము వారము అంగడికి వెళ్ళి కూరగాయలు అమ్ముతాడు. ఆ పిల్ల తక్కెడ చేతిలోనికి తీసుకున్న తీరు చూస్తేనే మాకు అర్థమయింది. ఎదుటివాడు తక్కువ బేరమాడగానే ఆమె ఊరుకోలేకపోయింది. "నో! నో టెన్ రుపీస్! గుడ్ ఆనియన్! సీ!" అని ఉల్లిగడ్డ ఎత్తి చూపింది. "ట్వంటీ రుపీ వన్ కేజీ. కమ్, కమ్!" అని కేకవేసింది. హాలంతా ఆమెవైపు చూసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. బేరమాడడానికి ఎగబడ్డారు.

ఆ కేకలో ఎన్ని తప్పులున్నాయో లెక్కపెట్టవచ్చు. మేము లెక్కపెట్టలేదు. బేరమైతే కుదిరింది.

ఆ తరువాత ఆ హాలులోనే రైల్వే టికెట్టు కౌంటరు, మందుల దుకాణము, డాక్టరు గది, బస్సు, పోస్టాఫీసు అన్నీ పెట్టాము. ఒకరు అడిగేవారు, ఒకరు చెప్పేవారు. మాట్లాడడానికి జంకే పిల్లలను ఎప్పుడూ ఒంటరిగా నిలబెట్టలేదు, ఇద్దరిద్దరిని జతగా నిలబెట్టాము. మోషే తనకు మాట్లాడడము చేతకాదని జంకినప్పుడు అహరోను తోడుగా దొరికాడు కదా! పదిమంది ఎదుట ఒక్కడే నిలబడి మాట్లాడడము పెద్దలకే కష్టము. పిల్లల సంగతి చెప్పవలెనా?

ఆసుపత్రిలో

సంవత్సరము తిరిగేలోగా చిన్నమ్మాయి తల్లికి ఆపరేషను అవసరమై నగరములోని ఒక ఆసుపత్రిలో చేర్చారు. ఆపరేషను రోజు ఉదయము పిన్ని మందుల చీటీ పట్టుకొని క్రిందికి వెళ్ళింది. మంచము దగ్గర తల్లి, కూతురు మాత్రమే ఉన్నారు. అప్పుడు వచ్చిన నర్సు కేరళనుండి ఉద్యోగానికి కొత్తగా వచ్చిన అమ్మాయి. తెలుగు ఇంకా రాలేదు. "డిడ్ షి ఈట్ ఆర్ డ్రింక్ ఎనీథింగ్?" అని అడిగింది. తల్లికి అర్థము కాలేదు. పెద్దవారు అడిగితే మన పల్లె స్త్రీలు సాధారణముగా చేసేదే చేసింది. నవ్వి, తల ఊపింది. ఆ తల ఊపడము అవునో కాదో నర్సుకు తెలియలేదు.

చిన్నమ్మాయి అన్నది: "టీ డ్రింక్. సిక్స్ ఓ క్లాక్. మిల్క్ టీ."

మత్తుమందు ఇచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలని డాక్టర్లు చెబుతారు. కడుపులో ఏమైనా ఉంటే మత్తులో ఉన్నప్పుడు వాంతి అయి అది ఊపిరితిత్తులలోనికి పోయే ప్రమాదము ఉన్నది. పాలు కలిపిన చాయ్ కూడ ఆహారముగానే లెక్క. నర్సు వెంటనే వెళ్ళి డాక్టరుగారికి చెప్పింది. ఆపరేషనును మధ్యాహ్నము తరువాతకు మార్చారు. అంతా క్షేమముగా జరిగింది.

ఆ సంగతి పిన్ని వచ్చి మాకు చెప్పినప్పుడు, చిన్నమ్మాయి ప్రక్కనే నిలబడి, "మా అమ్మ పొద్దుగాల చాయ్ తాగింది టీచర్. ఎవ్వరికి చెప్పొద్దన్నది, ఆపరేషన్ ఆగిపోతదని. నేను చెప్పిన" అన్నది. ఆమె పలికిన ఇంగ్లీషు మాటలు ఏడో ఎనిమిదో ఉంటాయి. పరీక్షలో వ్రాస్తే సున్నా మార్కులు. మొదటి శనివారము మేము పట్టుబట్టినట్టు సరియైన వాక్యము దొరికేవరకు నోరు విప్పకూడదని ఆ పిల్ల అనుకొని ఉంటే ఏమయ్యేది? ఆ ప్రశ్న మమ్మును విడిచిపెట్టడము లేదు.

మన ఇంటిలో ఇంతకుముందే ఉన్న ఇంగ్లీషు

సికిందరాబాదుకు ఇంగ్లీషు నేడు కొత్తగా వచ్చినది కాదు. ఇంగ్లీషు సైన్యపు దండు ఉన్న ఈ చోటికి 1806లో మూడవ నిజాము సికిందర్ జా పేరు పెట్టారు. 1874లో ఇక్కడికి రైలు వచ్చింది. 1893లో లాలాగూడలో రైల్వే వర్కుషాపు మొదలయింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు దాని ముఖ్య కార్యాలయము ఇక్కడే పెట్టారు. చిలకలగూడ, మెట్టుగూడ, సీతాఫల్‌మండి ప్రాంతాలలో రైలుమీద బ్రతికిన కుటుంబములు ఎన్నో ఉన్నాయి. బడికి వెళ్ళని కూలీలు కూడ టేసను, టికెట్టు, గార్డు, సిగ్నలు, లైను, క్వార్టరు అన్న మాటలను తమ మాటలుగా చేసుకున్నారు. వారికి ఎవరూ వ్యాకరణము చెప్పలేదు. పని పడింది, మాట వచ్చింది.

మీ ఇంటిలోనూ అంతే. ఒకరోజు మేము పిల్లలను, "మీ ఇంటిలో అమ్మ, నాన్న, అమ్మమ్మ వాడే ఇంగ్లీషు మాటలు చెప్పండి" అన్నాము. బస్సు, సైకిలు, పెన్ను, లైటు, ఫ్యాను, స్విచ్చి, గ్లాసు, ప్లేటు, ఫోను, చార్జరు, కరెంటు, మోటారు, పైపు, ట్రాక్టరు, డాక్టరు, ఇంజక్షను, ఫీజు. గంట గడవకముందే బోర్డు నిండిపోయింది. "మా అమ్మమ్మకు ఇంత ఇంగ్లీషు వచ్చా!" అని ఒక పిల్లవాడు ఆశ్చర్యపోయాడు. ఇంగ్లీషు అంటే ఎక్కడో ఉన్న కొండ కాదని పిల్లలకు ఆ రోజు తెలిసింది.

ఆ జాబితాతోనే ఉచ్చారణ కూడ నేర్పాము. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది. అందుకే మనము బస్ చివర 'ఉ' చేర్చి బస్సు అంటాము, పెన్‌ను పెన్ను అంటాము. పిల్లలకు ఈ తోకను చూపించి, "తోక కోసెయ్యండి" అన్నాము. ఒకరు 'లైటు' అంటే అందరు 'లైట్' అనాలి. అలాగే కొందరు పిల్లలు స్కూలుకు ముందు 'ఇ' పెట్టి ఇస్కూలు అంటారు. దానికి 'కొమ్ము' అని పేరు పెట్టాము. తోక, కొమ్ము కోసే ఆట పది నిమిషములు ఆడితే చాలు. 'ఫ' అనేటప్పుడు పై పళ్ళు క్రింది పెదవిని తాకించి గాలి వదలమని కూడ చెప్పాము. ఇంతకుమించి నోటిని హింసపెట్టలేదు. తెలుగు యాస ఉండడము తప్పు కాదు. ఎదుటివారికి అర్థమైతే చాలు.

పండితులు ఏమన్నారు?

మాకు కొద్ది కిలోమీటర్ల దూరములోనే, తార్నాక దగ్గర, ఇంగ్లీషు ఎలా బోధించాలో ఉపాధ్యాయులకు నేర్పే సంస్థ ఉన్నది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై, తరువాత విదేశీ భాషలను కూడ చేర్చుకొని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమయింది. దానినే నేడు ఇఫ్లూ అంటున్నారు.

దక్షిణ భారతములోనే ఈ విషయముపై ఒక పెద్ద ప్రయత్నము జరిగింది. ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుండి 1984 వరకు బెంగుళూరు, మద్రాసు మొదలైన చోట్ల కొన్ని మామూలు పాఠశాలలలో పిల్లలకు వ్యాకరణ పాఠములు చెప్పకుండ, పటములు, రైళ్ళ పట్టికలు, క్యాలండర్లు ఇచ్చి, వాటిలో చిక్కు ప్రశ్నలు విప్పమన్నారు. ప్రశ్న అడిగేది ఇంగ్లీషులో, జవాబు వెదికేది బుర్రతో. మనస్సు సంగతిమీద ఉన్నప్పుడే భాష బాగా ఎక్కుతుందన్నది వారి నమ్మకము. ఆ అనుభవమును ఆయన 1987లో పుస్తకముగా వ్రాశారు. రైలు ప్రక్కనే ఉన్నవారము కనుక మేము కూడ రైళ్ళ పట్టిక తెచ్చాము. "వరంగల్లులో అమ్మమ్మ ఇంటికి పది గంటలలోపు చేరాలి. విచ్ ట్రెయిన్?" అంటే పిల్లలు పోట్లాడుకొని మరీ వెదికారు.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960వ దశకములో ఇంకొక మార్గము చూపాడు. గురువు ఆజ్ఞ చెబుతాడు, పిల్లవాడు నోటితో కాకుండ ఒంటితో జవాబు చెబుతాడు. "స్టాండప్" అంటే లేస్తాడు, "ఓపెన్ ద డోర్" అంటే తలుపు తీస్తాడు. మాట్లాడడానికి భయపడే పిల్లలకు ఇది చల్లని నీళ్ళవంటిది.

మన సంఘ చరిత్రలో కూడ ఈ పాఠము ఉన్నది. 1814లో విలియం కేరీ శ్రీరాంపురములో తెలుగు వ్యాకరణమును అచ్చువేయించాడు. దూరదేశములనుండి వచ్చిన మిషనరీలు తెలుగు నేర్చుకొనేటప్పుడు మన పెద్దలు వారి తప్పులను ఎంతో ఓర్పుతో విని ఉంటారు. ఆ ఓర్పును మన పిల్లలకు మనము ఎందుకు చూపకూడదు?

ఇంటిలో ఎలా నేర్పవచ్చు?

"మాకే ఇంగ్లీషు రాదు, మేమెలా నేర్పుతాము?" అని తల్లులు అడుగుతారు. రోజుకు పది నిమిషములు చాలు. ఈ క్రింది విధముగా చేసి చూడండి.

మొదటిది, పని మాటలు. కమ్ హియర్, సిట్ డౌన్, బ్రింగ్ వాటర్, వాష్ యువర్ హ్యాండ్స్, షట్ ద డోర్, గివ్ మీ ద స్పూన్. ఇటువంటివి ఒక పది మీరు నేర్చుకొని ఇంటిపనిలో వాడండి. పిల్లవాడు పని చేస్తే అర్థమయినట్టే. నెల తరువాత వానినే ఆజ్ఞలు ఇవ్వమనండి, మీరు చేయండి. అమ్మను పనికి పంపడమంటే పిల్లలకు ఎంత సంతోషమో మీరే చూస్తారు.

రెండవది, కాపాడే మాటలు. ఇవి లేనందువలననే పిల్లలు మధ్యలో ఆగిపోయి సిగ్గుపడతారు. "ఐ డోంట్ నో." "ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్." "ప్లీజ్ సే ఇట్ అగైన్." "స్లోలీ, ప్లీజ్." "హౌ డు యూ సే దిస్ ఇన్ ఇంగ్లీష్?" ఈ అయిదు వాక్యములు విడదీయకుండ ముద్దగా నోటికి రానివ్వండి. తెలియదని చెప్పడము చేతనైనవాడు ఎక్కడా మూగబోడు.

మూడవది, మర్యాద మాటలు. మన తెలుగులో మర్యాద క్రియ చివర 'అండి'లో ఉంటుంది. "నీళ్ళు ఇవ్వండి" అన్నప్పుడు ఆ 'అండి' చాలు. దానిని మాటకు మాట మార్చి "వాటర్ గివ్" అంటే 'అండి' మన ఊరిలోనే ఉండిపోతుంది, ఆజ్ఞ మాత్రము మిగులుతుంది. ఇంగ్లీషులో మర్యాదకు వేరే మాటలు కావాలి. "మే ఐ హావ్ సమ్ వాటర్, ప్లీజ్?" "ఎక్స్‌క్యూజ్ మీ." "థాంక్యూ." మన పిల్లలు మర్యాదలేనివారు కారు. ఆ మర్యాదను ఏ మాటలో పెట్టాలో వారికి చెప్పవలసి ఉన్నది.

నాలుగవది, 'నాకు' వచ్చే చోట జాగ్రత్త. నాకు ఆకలి అవుతున్నది, నాకు జ్వరము వచ్చింది, నాకు తెలియదు అని మనము అంటాము. ఇంగ్లీషువారు ఇక్కడ 'ఐ' అంటారు. ఐ యామ్ హంగ్రీ, ఐ హావ్ ఎ ఫీవర్, ఐ డోంట్ నో. అలాగే సెలవు తీసుకొనేటప్పుడు మనము 'పోతాను' అనకుండ 'వెళ్ళివస్తాను' అంటాము. దానిని "ఐ విల్ గో అండ్ కమ్" అంటే ఇతర దేశమువారు మళ్ళీ ఎప్పుడు వస్తాడోనని ఎదురుచూస్తారు. "బై, సీ యూ" అంటే సరిపోతుంది. ఇవి చెప్పినప్పుడు రెండు భాషల తీరు వేరని పిల్లలకు తెలుస్తుంది. తామేదో తెలివితక్కువవారమన్న భావము పోతుంది.

ఫోనులో బొమ్మల పాటలు పెట్టి వదిలివేస్తే ఇంగ్లీషు వస్తుందని కొందరు అనుకుంటారు. చెవికి అలవాటు కావచ్చు. కాని పిల్లవాడు ఏమన్నాడో ఆ ఫోను వినదు. ప్రక్కన మనిషి కావాలి. అమ్మమ్మయినా ఫరవాలేదు. "ఏమిటిరా అది? నాకూ చెప్పు" అని అడిగితే చాలు.

దిద్దడము ఎలా?

తప్పులను ఎప్పటికీ దిద్దవద్దని మేము చెప్పడము లేదు. ఎప్పుడు, ఎలా అన్నదే ముఖ్యము. మాట్లాడేవాని మాట మధ్యలో పట్టుకొనవద్దు. ముందు సంగతికి జవాబు ఇవ్వండి, ఆ జవాబులోనే సరియైన మాటను పెట్టండి. పిల్లవాడు "ఐ గో మార్కెట్ ఎస్టర్డే" అంటే, "ఓ, యూ వెంట్ టు ద మార్కెట్! వాట్ డిడ్ యూ బై?" అనండి. వాని చెవిలో 'వెంట్' పడుతుంది, వాని మనస్సు నొచ్చుకోదు. రేపో ఎల్లుండో వాడే 'వెంట్' అంటాడు. అనకపోతే మీరు మళ్ళీ అనండి. వ్రాతలో తప్పులు వేరే రోజు, ఒంటరిగా కూర్చోబెట్టి దిద్దండి.

ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు, "అంకుల్‌కు రైమ్ చెప్పరా" అని పిల్లలను నిలబెట్టవద్దని ప్రత్యేకముగా కోరుతున్నాము. అది మాట్లాడడము కాదు, ప్రదర్శన. మరచిపోయిన పిల్లవానికి ఆ సిగ్గు ఎన్నాళ్ళో ఉండిపోతుంది.

తెలుగును వదలవద్దు

2009లో కడప జిల్లాలో ఒక పాఠశాలలో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో, ఇక తెలుగు మాట్లాడము అని వ్రాసిన పలకలు వ్రేలాడదీసిన వార్త పత్రికలలో వచ్చింది. చదివినవారి మనస్సు కలచివేసింది. పలక మెడలో వేసినందువలన ఇంగ్లీషు రాదు. తల్లి మాట తప్పు అన్న సంగతి మాత్రము వస్తుంది.

చిన్న పిల్లలకు చదువు తల్లిభాషలో ఆరంభము కావడము మంచిదని యునెస్కో 1953లోనే చెప్పింది. మన దేశములో 2020 జాతీయ విద్యా విధానము కూడ వీలైనంతవరకు అయిదవ తరగతిదాక మాతృభాషలో బోధించాలని సూచించింది. మీడియము ఏదైనా కావచ్చు, అది ప్రభుత్వము, పాఠశాలలు తేల్చవలసిన విషయము. ఇంటి భాష మాత్రము మన చేతిలో ఉన్నది. తెలుగులో కథ చెప్పగలిగిన పిల్లవానికి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. వాడు దానిని ఇంగ్లీషులోనికి తెచ్చుకుంటాడు. చెప్పడానికే ఏమీ లేనివానికి ఏ భాషా ఉపయోగపడదు. అందుకే మా తరగతిలో ఏ సంగతి అయినా మొదట తెలుగులో మాట్లాడుకొని తరువాతనే ఇంగ్లీషుకు వెళతాము. మా చిన్నమ్మాయి నెలకొకసారి పల్లెలో ఉన్న నాయనమ్మకు తెలుగులో ఉత్తరము వ్రాస్తుంది. నాయనమ్మకు చదువు రాదు, ప్రక్కింటివారు చదివి వినిపిస్తారు. ఆ ఉత్తరము తెగిపోతే, ఎంత ఇంగ్లీషు వచ్చినా ఆ పిల్ల నష్టపోయినట్టే.

వారానికి ఒక గంట

ప్రియ పాఠకులారా, మీ ఊరిలో ఆదివార పాఠశాల జరిగే గది వారములో ఆరు రోజులు ఖాళీగా ఉంటుంది. ఇంటర్ చదివిన యువతీ యువకులు ఇద్దరు ముగ్గురు మీ సంఘములో తప్పక ఉంటారు. ఒక చాప, ఒక తక్కెడ, నాలుగు కూరగాయలు, ఒక పాత రైళ్ళ పట్టిక చాలు. వారానికి ఒక గంట పెట్టండి. ఏ కులమువారైనా, ఏ మతమువారైనా ఊరి పిల్లలందరినీ రానివ్వండి. ఫీజు పెట్టవద్దు. ఆరు నెలలలో మీ పిల్లలు దొరల వలె మాట్లాడతారని మేము చెప్పము. ఎవరైనా పలుకరిస్తే తలుపు వెనుక దాక్కోరని మాత్రము చెప్పగలము.

గత నెలలో మా తరగతికి జనగామవైపు నుండి ఎనిమిది సంవత్సరముల పిల్లవాడొకడు వచ్చాడు. గుమ్మము దగ్గర, చిన్నమ్మాయి ఒకప్పుడు కూర్చున్న చోటనే కూర్చున్నాడు. మాలో ఒకరు అలవాటు చొప్పున వానివైపు తిరిగి, "వాట్ ఈజ్ యువర్..." అని మొదలుపెట్టారు. చిన్నమ్మాయి వచ్చి ఆమె చీర కొంగు పట్టుకొని లాగింది.

"ఇప్పుడే అడగకుండ్రి టీచర్. ఆడే చెప్తడు" అన్నది. తరువాత వెళ్ళి, చాపమీదనుండి ఒక టమాట తెచ్చి వాని చేతిలో పెట్టి, ప్రక్కన కూర్చున్నది.

మేము అడగలేదు. ఎదురుచూస్తున్నాము.